పాత సెల్లుకో దుబాసీ!

బీరువా అడుగున, చీరల మడతల్లో ఓ పాత సెల్‌ఫోన్. అందులో పదిహేనేళ్ల కిందటి పెళ్లి ఫొటోలున్నాయి. ఇప్పుడు లేని తాతయ్య గొంతూ ఉంది. ఛార్జింగ్ పెడితే వెలిగింది కూడా. హమ్మయ్య అనుకుని కంప్యూటర్‌కి తగిలిస్తే మాత్రం... 'ఇదెవరో నాకు తెలియదు' అంటుంది! ఇంకేముంది, 'ఫోన్ పోయిందిలే' అనుకుని మళ్లీ బీరువాలో పడేస్తాం. లేదంటే పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తాం. కాస్త ఆగండి. ఇలాంటి ఫోన్లలో చాలావాటికి వచ్చింది చావు కాదు... భాష తెలియని చోట చిక్కుకున్న ఇబ్బంది!

బందరు రేవు పాఠం

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు బందరులో దిగి వర్తకశాల పెట్టారు. దొరకి తెలుగు రాదు. అద్దకం బట్టలమ్మే వర్తకుడికి ఇంగ్లీషు రాదు. ఒకరి దగ్గర సరుకుంది, ఇంకొకరి దగ్గర సొమ్ముంది. అయినా బేరం కుదరదు. మధ్యలో ఇద్దరి భాషా తెలిసిన మనిషి ఉండాలి. ఆయనే దుబాసీ. కోరమండల్ తీరం పొడవునా కంపెనీల వ్యాపారం అలాంటి దుబాసీల నోటిమీదే నడిచింది.

కంప్యూటర్‌లో ఆ పనిచేసే చిన్న ప్రోగ్రామే 'డ్రైవర్'. పేరు చూసి ఇది దేన్నో నడిపేస్తుందనుకుంటాం గానీ, నిజానికి ఇది చేసేది మాట అందించడమే. విండోస్ చెప్పింది ఫోన్‌కి అర్థమయ్యేలా, ఫోన్ చెప్పింది విండోస్‌కి అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. దుబాసీ లేకపోతే ఫోనూ బాగానే ఉంటుంది, కంప్యూటరూ బాగానే ఉంటుంది. మధ్యలో మాటే ఉండదు!

పేరు చెప్పనిదే పని జరగదు

అసలు ఫోన్‌ని తగిలించగానే ఏం జరుగుతుందో తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్టే.

1990ల మధ్య వరకూ కంప్యూటర్ వెనక ప్రింటర్‌కి ఒక సాకెట్, మౌస్‌కి మరొకటి, కీబోర్డ్‌కి ఇంకొకటి ఉండేవి. ఈ గందరగోళానికి విరుగుడుగా ఏడు కంపెనీలు కలిసి 1996 జనవరిలో తెచ్చిందే యూఎస్‌బీ. ఇంటెల్‌లో ఈ పనికి ముందు నడిచిన ఇంజినీరు అజయ్ భట్ మనవాడే. బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఇంట్లో ప్రింటర్ తగిలించడానికి పడిన అవస్థలే తనని ఈ దారి పట్టించాయని ఆయన చెప్పుకొన్నారు.

ఆయన బృందం పెట్టిన పద్ధతి ఏమిటంటే... తగిలించిన ప్రతి వస్తువూ ముందు తన పేరు చెప్పుకోవాలి. ఆ పేరు రెండు అంకెల జత. మొదటిది ఇంటిపేరు లాంటిది, అంటే తయారుచేసిన కంపెనీ సంఖ్య. రెండోది ఆ వస్తువు సొంత పేరు, అంటే మోడల్ సంఖ్య. ఇంటిపేరు 0421 అని వచ్చిందంటే అది నోకియా వారి పిల్ల అన్నమాట. విండోస్ ఆ జత అందుకుని తన దగ్గరున్న డ్రైవర్ల పట్టీ మొత్తం వెతుకుతుంది. పేరు దొరికితే దుబాసీని పిలుస్తుంది. దొరక్కపోతే పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం పెట్టి ఊరుకుంటుంది.

కాబట్టి ఫోన్ పలకనప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు రెండే. ఫోన్ అసలు పేరు చెప్పిందా? చెబితే, ఆ పేరున్న దుబాసీ కంప్యూటర్‌లో ఉన్నాడా? మొదటిదానికి జవాబు కేబుల్‌లోనో సాకెట్‌లోనో ఉంటుంది. రెండోదానికి జవాబు డ్రైవర్‌లో ఉంటుంది. ఈ రెంటినీ కలిపేసుకున్నవాళ్లే కేబుల్ తెగిపోతే డ్రైవర్ కోసం, డ్రైవర్ లేకపోతే కొత్త కేబుల్ కోసం తిరుగుతుంటారు!

సంచెడు కేబుళ్ల కాలం

విజయవాడ బీసెంట్ రోడ్డు, గవర్నరుపేట ప్రాంతాల్లో సెల్ రిపేరు బల్లలకు చాలా ఏళ్ల చరిత్రే ఉంది. గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డ, కైకలూరు... తమ ఊళ్లో తేలని ఫోన్‌ని పట్టుకుని జనం బస్సెక్కి వచ్చేది ఇక్కడికే. 2000ల్లో ఈ బల్లల కింద తప్పనిసరిగా ఓ సంచి ఉండేది. దాని నిండా కేబుళ్లు! నోకియాకి ఒక రకం, సోనీ ఎరిక్సన్‌కి ఒక రకం, శామ్‌సంగ్‌కి ఇంకో రకం. సన్న పిన్నూ లావు పిన్నూ అంటూ ఛార్జర్ల గోల ఉండనే ఉంది. 2009లో ఐరోపాలో పెద్ద కంపెనీలు మైక్రో యూఎస్‌బీకి ఒప్పుకున్నాక గానీ ఈ సంచి బరువు తగ్గలేదు.

కొన్ని ఫోన్లకైతే ఆ సాకెట్ కూడా లేదు. 2003లో వచ్చి, టార్చిలైటుతో పల్లెపల్లెకీ చేరిన నోకియా 1100 అలాంటిదే. వాడేవారికి దానిలో కంప్యూటర్ దారే కనపడదు. బ్యాటరీ తీస్తే కింద చిన్న రాగి బిళ్లల్లాంటివి ఉంటాయి. మెకానిక్కులు వాటికి పిన్నులు ఆనించి, మధ్యలో 'సర్వీసు బాక్సు' అనే పెట్టె పెట్టి, ఆ పెట్టెని కంప్యూటర్‌కి తగిలించేవారు. అంటే అక్కడ డ్రైవర్ కావలసింది ఫోన్‌కి కాదు, పెట్టెకి! యూఎఫ్ఎస్, జాఫ్, జెడ్3ఎక్స్, ఇన్ఫినిటీ... ఒక్కో పెట్టెకీ ఒక్కో దుబాసీ. ఈ మెకానిక్కుల అసలు ఆస్తి స్క్రూడ్రైవర్ల సెట్టు కాదు, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డ్రైవర్ల సీడీలే.

ఈ విద్య ఎంత పనికొచ్చిందో 2009 చివర్లో తెలిసింది. ప్రతి సెల్‌ఫోన్‌కీ ఐఎంఈఐ అని 15 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. స్టార్, హాష్, 06, హాష్ నొక్కితే తెరమీద కనపడేది అదే. అప్పట్లో చవగ్గా వచ్చిన చైనా ఫోన్లలో చాలావాటికి ఈ సంఖ్య లేదు. భద్రతా కారణాలతో అలాంటి ఫోన్లకు ఆ ఏడాది నవంబరు 30 అర్ధరాత్రి నుంచి సేవలు ఆపేయాలని కేంద్రం ఆదేశించింది. దేశంలో ఇలాంటివి రెండున్నర కోట్ల దాకా ఉండొచ్చని అప్పటి అంచనా. అసలైన సంఖ్యని 199 రూపాయలకు ఫోన్‌లో ఎక్కించే అధికారిక కార్యక్రమమూ పెట్టారు. ఎక్కించాలంటే ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించాలి. తగిలించాలంటే డ్రైవర్ ఉండాలి. ఊరూపేరూ లేని ఆ చైనా సెట్లకు దుబాసీని వెతకడం ఎంత పనో బల్ల ముందు కూర్చున్నవాళ్లకే తెలుసు.

ముందు తీగ చూడండి!

ఇక అసలు వైద్యానికి వద్దాం. బీరువాలోంచి తీసిన ఫోన్‌కి ముందు చూడవలసింది బ్యాటరీ. అది కాస్తయినా ఉబ్బిందా? బల్లమీద పెట్టి తిప్పితే బొంగరంలా తిరుగుతోందా? అయితే దాన్ని ఛార్జింగ్ పెట్టొద్దు. 2007 ఆగస్టులో నోకియా బీఎల్-5సీ బ్యాటరీల్లో 4.6 కోట్లు వేడెక్కే ప్రమాదముందని కంపెనీయే ప్రకటిస్తే మన దేశంలో ఎంత కంగారు పుట్టిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే కొలత బ్యాటరీలు కొత్తవి బజార్లో దొరుకుతాయి. మార్చేస్తే సరి.

తర్వాత కేబుల్. యూఎస్‌బీ 2.0 తీగలో నాలుగు సన్న తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి. ఆకుపచ్చ, తెలుపు మాటలకి. చవకరకం ఛార్జింగ్ కేబుళ్లలో మాటల తీగలు రెండూ అసలు ఉండవు! అందుకే ఫోన్ ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ కంప్యూటర్‌లో చప్పుడే ఉండదు. 'ఛార్జింగ్ ఎక్కుతోంది కదా, కేబుల్ బాగానే ఉంది' అనుకోవడమే అన్నిటికంటే ఎక్కువమంది చేసే పొరపాటు. మాటల తీగలున్న ఇంకో కేబుల్‌తో ప్రయత్నించాకే ముందుకెళ్లాలి.

మూడోది ఫోన్ సాకెట్. డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ. సముద్రం వైపు ఊళ్లయితే ఉప్పుగాలి కూడా. ఏళ్ల తరబడి మూలన పడున్న ఫోన్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. ఫోన్ ఆపి, బ్యాటరీ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్షుతో తుడిస్తే చాలాసార్లు అదే పోతుంది. గుండుసూదితో గీకితే మాత్రం పిన్నులే పోతాయి.

నాలుగోది కంప్యూటర్ వైపు సాకెట్. డెస్క్‌టాప్ అయితే ముందువైపు కాకుండా వెనకవైపు పెట్టి చూడాలి. నీలిరంగు సాకెట్ యూఎస్‌బీ 3 రకం. కొన్ని పాత ఫోన్లు, సర్వీసు బాక్సులు దాంతో పేచీ పెడతాయి. నల్లదాన్లో పెడితే మాట వింటాయి. మధ్యలో నాలుగు సాకెట్ల హబ్ ఉంటే తీసేయాలి.

పసుపు గుర్తు ఏం చెబుతోంది?

ఇంతా చేశాక కంప్యూటర్ 'టింగ్' అందంటే ఫోన్ నోరు విప్పినట్టే. ఇప్పుడు 'డివైజ్ మేనేజర్' తెరవాలి. అక్కడ పసుపు గుర్తున్న పేరు మీద రెండుసార్లు నొక్కితే ఓ కోడ్ సంఖ్య కనపడుతుంది. దాన్ని చూసి బెదరక్కర్లేదు. డాక్టరు రాసిన చీటీ లాంటిదది. చదవడం వస్తే చాలు.

కోడ్ 28 అని ఉంటే సంతోషించండి. ఫోన్ తన పేరు స్పష్టంగానే చెప్పింది. డ్రైవర్ లేదంతే. 'డిటైల్స్'లోకి వెళ్లి 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకుంటే ఇందాక చెప్పుకున్న ఇంటిపేరు, సొంతపేరు కనిపిస్తాయి. ఏ డ్రైవర్ కావాలో చెప్పేవి ఆ అంకెలే. ఫోన్ వెనక అంటించిన పేరు కన్నా ఇవే నమ్మకం. ఎందుకంటే పైన పేరు ఎవరిదైనా, లోపలి చిప్ ఎవరిదో అంకెలు దాచవు.

కోడ్ 43 వచ్చి, పక్కన 'డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్' అని ఉంటే దానర్థం... ఫోన్ ఏదో గొణిగింది గానీ పేరు అర్థం కాలేదు. డ్రైవర్ల కోసం వెతుకుతూ రాత్రంతా కూర్చున్నా లాభం లేదు. మళ్లీ కేబుల్, సాకెట్, ఫోన్ బోర్డు వైపే చూడాలి.

కోడ్ 10 అంటే దుబాసీ వచ్చాడు గానీ పని మొదలుపెట్టలేకపోయాడు. తప్పుడు డ్రైవర్ కావచ్చు, సరిపడని వెర్షన్ కావచ్చు. కోడ్ 52 అంటే దుబాసీ దగ్గర సంతకం చేసిన గుర్తింపు పత్రం లేదు, కాబట్టి విండోస్ లోపలికి రానివ్వడం లేదు.

ఇంకో కిటుకు. ఆనాటి ఫోన్లలో చాలావాటికి ముందు సాఫ్ట్‌వేర్ వేసి, ఆ తర్వాతే ఫోన్ తగిలించాలి. తొందరపడి ముందే తగిలిస్తే విండోస్ దాన్ని తెలియని వస్తువుగా రాసేసుకుంటుంది. తర్వాత సరైన డ్రైవర్ వేసినా ఆ పాత రాతే పట్టుకు వేలాడుతుంది. అప్పుడు డివైజ్ మేనేజర్‌లో దాగున్న పేర్లను చూపించమని అడిగి, ఆ ఫోన్‌కి చెందిన పాతవాటిని తీసేసి, కంప్యూటర్‌ని ఒకసారి ఆపి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

కొత్త కంప్యూటర్‌కి పాత భాష రాదు

'అన్నీ బాగానే చేశాం. అయినా పలకదేం?' అంటే... చిక్కు కంప్యూటర్ కొత్తదనంలోనే ఉండొచ్చు. 64 బిట్ విస్టా నుంచి సంతకం లేని డ్రైవర్లను విండోస్ గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. దొంగ ప్రోగ్రాములు డ్రైవర్ వేషంలో దూరకుండా పెట్టిన కాపలా అది. మంచిదే. కానీ 2005లోనో 2006లోనో ఎక్స్‌పీ కోసం రాసిన డ్రైవర్లలో ఇప్పటి తనిఖీకి నిలిచే సంతకం లేనివి బోలెడు. పైగా విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. కాబట్టి 32 బిట్ డ్రైవర్ ఒక్కటే ఉన్న పరికరం దానికి ఎప్పటికీ పరాయిదే.

కంప్యూటర్‌ని ప్రత్యేక పద్ధతిలో తెరిచి ఈ సంతకం తనిఖీని ఆపొచ్చు. మళ్లీ కంప్యూటర్ ఆన్ చేసేదాకానే అది పనిచేస్తుంది. అయితే బ్యాంకు లావాదేవీలు చేసుకునే ఇంటి కంప్యూటర్‌లో ఈ ప్రయోగం వద్దు. అనుభవమున్న మెకానిక్కులు చేసే పని వేరే. ఎక్స్‌పీ కంప్యూటర్ ఒకటి, విండోస్ 7 కంప్యూటర్ ఒకటి మూలన అట్టేపెట్టుకుంటారు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ అండ పోయింది. కాబట్టి వాటికి ఇంటర్నెట్ తగిలించకూడదు. పాత ఫోన్లతో మాట్లాడే ముసలి దుబాసీల్లా అలా ఉంచుకోవాలంతే. నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్‌కి అప్పగించాక 'పీసీ సూట్' లాంటి పాత సాఫ్ట్‌వేర్‌ని పట్టించుకునేవారే కరువయ్యారు. ఆనాటి సీడీ ఇంట్లో ఎక్కడైనా ఉంటే పారేయొద్దు!

నిన్న పనిచేసింది... నేడు మొరాయించింది

ఒక్కోసారి మీరేమీ మార్చకపోయినా కేబుల్ పనిమానేస్తుంది. దీనివెనక నకిలీ చిప్‌ల కథ ఉంది. ఆ రోజుల్లో చైనా ఫోన్ల డేటా కేబుళ్లలో చిన్న చిప్ ఒకటి ఉండేది. తైవాన్ కంపెనీ ప్రొలిఫిక్ తయారుచేసే 'పీఎల్ 2303' వాటిలో పేరున్నది. దానికి నకిలీలు కోకొల్లలు. విసిగిపోయిన కంపెనీ కొత్త డ్రైవర్లలో పాతరకం చిప్‌లకూ నకిలీలకూ తలుపు మూసేసింది. విండోస్ తనంతట తాను కొత్త డ్రైవర్ వేసుకుంటుంది... పొద్దున్నే కోడ్ 10 ప్రత్యక్షం! కేబుల్ పోలేదు, దుబాసీ మారాడంతే. డివైజ్ మేనేజర్‌లో 'అప్‌డేట్ డ్రైవర్'కి వెళ్లి, జాబితాలోంచి పాత వెర్షన్‌ని చేత్తో ఎంచుకుంటే చాలాసార్లు తిరిగి పనిచేస్తుంది.

స్కాట్లాండ్ కంపెనీ ఎఫ్‌టీడీఐ అయితే ఇంకో అడుగు వేసింది. పరికరాల లోపల దీని చిప్‌ల వాడకం ఎక్కువే. 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్‌తో వచ్చిన దాని డ్రైవర్ నకిలీ చిప్ కనపడితే దాని సొంతపేరునే సున్నాగా మార్చేసింది. పేరు పోగొట్టుకున్న పరికరాన్ని ఆ తర్వాత ఏ కంప్యూటరూ గుర్తుపట్టలేదు. తమకు తెలియకుండా నకిలీ కొన్నవాళ్లు లోకమంతా గగ్గోలు పెట్టడంతో కంపెనీ ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకుంది. తప్పు చేసినవాడు నకిలీ తయారీదారు, నష్టపోయింది బల్ల ముందు కూర్చున్న మెకానిక్కు!

లినక్స్ ఇక్కడ కొంత నయం. ఈ రెండు కంపెనీల చిప్‌లకూ డ్రైవర్లు అందులోనే కలిసి వస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ తెరిచి, అందులో కేబుల్ పలికితే... తప్పు కేబుల్‌ది కాదు, విండోస్ డ్రైవర్‌దేనని తేలిపోతుంది.

రెండు సెకన్ల కిటికీ

తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్ల సంగతి కొంచెం వేరు. తెర బాగా ఉంటే సమస్య తక్కువ. తగిలించి, తెరమీద 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకుంటే ఫొటోలు వచ్చేస్తాయి. తాళం తీసి ఉండటం ముఖ్యం. తెర కనిపిస్తూ టచ్ మాత్రమే పోయినా, ఓటీజీ పని చేసే ఫోన్ అయితే చిన్న ముక్క తగిలించి మామూలు మౌస్‌తో నడిపించొచ్చు.

అసలు తెరుచుకోని ఫోన్‌తోనే తంటా. మీడియాటెక్ చిప్ ఉన్నవి తగిలించగానే 'ప్రీలోడర్' అనే పేరుతో ఒకటి రెండు సెకన్లు కనిపించి మాయమవుతాయి. చూసినవాళ్లు 'లూజు కాంటాక్ట్' అనుకుంటారు. కాదు, అది దాని తత్వం! ఆ రెండు సెకన్లలోనే డ్రైవర్ అందుకోవాలి. అందుకే డ్రైవర్ ముందే వేసి, సాఫ్ట్‌వేర్‌ని సిద్ధంగా ఉంచి, అప్పుడు ఫోన్ తగిలిస్తారు.

సరిగ్గా ఇక్కడే ఇంటివాళ్లు నోరు విప్పాలి. 'సాఫ్ట్‌వేర్ వేయాలండీ' అని దుకాణంలో చెబితే సరేనని తలూపేస్తాం. ఫ్లాషింగ్ అంటే చాలా సందర్భాల్లో ఫోన్‌లో ఉన్నదంతా తుడిచి కొత్తగా రాయడం. ఫోన్ బతుకుతుంది, ఫొటోలు పోతాయి. అంతా ఫార్మాట్ చేస్తే ఐఎంఈఐ కూడా పోవచ్చు. కాబట్టి బల్లమీద పెట్టగానే చెప్పాల్సిన మాట ఒక్కటే: 'ఫోన్ ఏమైనా ఫరవాలేదు బాబూ, ముందు లోపలున్నవి తీసివ్వు.' పోయిన ఐఎంఈఐ చోట ఏదో ఒక సంఖ్య వేయించుకోవడం మాత్రం నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

బుడమేరు నేర్పిన సంగతి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడని ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ఇళ్లలోకి నీళ్లొచ్చి రోజుల తరబడి నిలిచిపోయాయి. బీరువాలు, కంప్యూటర్లు, ఆల్బమ్‌లు, ఫోన్లు... అన్నీ నీళ్లలోనే. అచ్చువేయించిన ఫొటోలు తడిసి ముద్దయ్యాక, అవే ఫొటోలు పాత ఫోన్‌లో ఉన్నాయేమోనన్న ఆశకి విలువ ఎంతో చెప్పక్కర్లేదు.

తడిసిన ఫోన్‌ని 'పనిచేస్తుందో లేదో చూద్దాం' అని కంప్యూటర్‌కి గానీ ఛార్జర్‌కి గానీ తగిలించడమే దాన్ని చంపడం. నీళ్లతో పోయేది తక్కువ, నీళ్లున్నప్పుడు కరెంటు పారితే పోయేది ఎక్కువ. వెంటనే బ్యాటరీ తీసేయాలి. సిమ్ము, మెమరీ కార్డు తీసి ఆరబెట్టాలి. వరద నీళ్లలో బురదా ఉప్పూ ఉంటాయి కాబట్టి ఉత్తినే ఆరితే చాలదు. ఫోన్ విప్పి బోర్డుని ఆల్కహాల్‌తో శుభ్రం చేయించాలి. ఇక బియ్యం డబ్బాలో పెట్టే చిట్కా... డెల్టాలో బియ్యానికి కొదవ లేదు గానీ దానివల్ల ఉపయోగం లేదు! నూక, తవుడు సాకెట్‌లోకి పోయే ప్రమాదముందని 2024లో యాపిల్ కంపెనీ కూడా తన సూచనల్లో వద్దని రాసింది. ఈ పనులన్నీ అయ్యాకే కేబుల్ జోలికి వెళ్లాలి.

దుబాసీ అక్కర్లేని దారులు

కేబుల్‌తో కుస్తీ పట్టేముందు అడ్డదారులూ చూడాలి. ఫోన్‌లో మెమరీ కార్డు ఉంటే దాన్ని తీసి కార్డ్ రీడర్‌లో పెట్టండి. ఏ డ్రైవరూ అక్కర్లేదు. బ్లూటూత్ ఉంటే ఒక్కో ఫొటోనీ కొత్త ఫోన్‌కి పంపొచ్చు. ఆలస్యమైనా ఖాయం. నోకియా 1100 లాంటి వాటిలో నంబర్లను సిమ్ములోకి కాపీ చేసుకోవచ్చు. ఒక సిమ్ములో సాధారణంగా 250 దాకా పడతాయి. ఫోన్‌లో 'మాస్ స్టోరేజ్' అన్న ఎంపిక ఉంటే అదే మంచిది. అప్పుడు ఫోన్ తనని తాను పెన్‌డ్రైవ్‌గా పరిచయం చేసుకుంటుంది. ఆ భాష కంప్యూటర్లన్నిటికీ వచ్చు.

మరి 2003లో 501 రూపాయలకే చేతికొచ్చిన రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లు? ఆ సేవలు దేశంలో ఎప్పుడో ఆగిపోయాయి. తొలినాటి సెట్లలో సిమ్ము కూడా ఉండేది కాదు. నంబర్లన్నీ ఫోన్ లోపలే! వాటికి మిగిలిన దారి కేబులే, ఆ కేబుల్‌కి డ్రైవరే. అది దొరకకపోతే తెరమీద చూస్తూ కాగితం మీద రాసుకోవడం ఉత్తమం.

దించుకున్న ఫైళ్లు తెరుచుకోకపోతే కంగారుపడొద్దు. ఆనాటి గొంతు రికార్డింగులు చాలావరకూ 'ఏఎంఆర్' రకం, వీడియోలు '3జీపీ' రకం. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ రెంటినీ వినిపిస్తుంది, చూపిస్తుంది.

చివరిగా రెండు జాగ్రత్తలు. 'అన్ని ఫోన్లకూ ఒకే డ్రైవర్, ఉచితం' అని ఊరించే చోట్ల నుంచి ఏదీ దించుకోవద్దు. దుబాసీ వేషంలో దొంగ రావడానికి అంతకంటే సులువైన దారి లేదు. ఫోన్ తయారుచేసిన కంపెనీ నుంచో, లోపలి చిప్ తయారుచేసిన కంపెనీ నుంచో తీసుకోవాలి. అలాగే దుకాణంలో ఇచ్చేటప్పుడు సిమ్ము, మెమరీ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. వీలైతే అక్కడే కూర్చుని ఫొటోలు మీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని రండి.

అన్నట్టు, ఈ పని వాయిదా వేసేది కాదు. ఫోన్ లోపలి మెమరీ ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. పిన్నుల మీద చిలుము పెరుగుతుంది. పాత భాష తెలిసిన కంప్యూటర్లు ఏటికేడాది తగ్గిపోతున్నాయి. సీడీలు గీతలు పడుతున్నాయి. ఇవాళ దొరికే దుబాసీ రేపూ దొరుకుతాడన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఆదివారం ఓ పూట కేటాయించి ముందు మంచి కేబుల్ ఒకటి వెతకండి. తర్వాత పసుపు గుర్తు పక్కన ఏ అంకె ఉందో చూడండి. 28 అయితే... సగం పని అయిపోయినట్టే!